ఇడ్లీ ప్లేటులో పోలండ్ జిల్లా

ఖండాలు దాటిన వీరుడి గాథ చెప్పబోతున్నాను. అంత లేదు లెండి, ఆస్ట్రేలియాలో మేముండే బ్లాక్‌టౌన్‌లో మా పక్కింటి పోలండ్ అంకుల్ గురించి.

అమ్మ ఎవరిని చూసినా ముందు జిల్లా అడుగుతుంది. ఆయన మా ఇంటికి టిఫినుకొచ్చిన రోజు కూడా "అన్నయ్యగారిది ఏ జిల్లానో కనుక్కోరా" అంది. ఇంగ్లీషులో అడిగాను. ఆస్ట్రేలియా వచ్చాక ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట. సంబరంగా ఇడ్లీ ప్లేటు ముందుకు లాక్కుని అందులోనే తన జిల్లా పటం వేశారు. ఇడ్లీలు సరస్సులు, కరివేపాకు అడవి, చట్నీలో గీసిన గీత రైలు మార్గం. జనాభా కింద నాలుగు ఆవగింజలు విదిల్చారు.

"ఇంతేనా జనం? మరి కబుర్లెవరితో చెప్పుకుంటార్రా?" అని అమ్మ జాలిపడింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఏం పెట్టినా ముందు పటం, ఆనక ఫలహారం. ఒకరోజు ఉప్మాలో ఒక ఆవగింజను వేలితో తాకి, "ఇది మా అక్క. తొంభై దాటాయి. ఆ రైలు ఆపేశారు. ఒంటరిగా అంత దూరం వెళ్లాలంటే భయం" అన్నారు.

అనువదించాను. "అక్కని చూడ్డానికి భయమేంట్రా? టికెట్ తియ్యి ముందు!" అని అమ్మ నా మీద విరుచుకుపడింది.

తీశాను. అమ్మ ఆవకాయ కట్టింది. ఎయిర్‌పోర్టులో ముగ్గురం సినిమా స్థాయిలో ఏడ్చాం.

విమానం ఎగిరాక ఫోన్లో చూశాను. ఆయన దిగేది ఆదివారం. రైలు ఎలాగూ లేని ఆ జిల్లాలో ఆదివారం బస్సులూ తిరగవు. సోమవారం పొద్దున ఒకటి ఉంది.