తోట హోటలులో తప్పెట మోగిన సాయంత్రం

పోయిన ఆదివారం నా కూతురి కూతురు నన్ను నెల్లూరులో కొత్తగా పెట్టిన ఒక హోటలుకు భోజనానికి తీసుకుపోయింది. మేడ మీద కుర్చీలు, స్తంభాలకు చుట్టిన సన్న దీపాలు, గాజు గ్లాసుల్లో రంగురంగుల షర్బత్తులు. మనం బిర్యానీ తింటుంటే ఎదురుగా ఒక అబ్బాయి గిటారు పట్టుకుని పాడతాడు, ఇంకొకడు చెక్కపెట్టె మీద కూర్చుని ఆ పెట్టెనే అరచేతులతో వాయిస్తాడు. అంతా బాగానే ఉంది గాని, ఒక పాట మధ్యలో గిటారు ఆగిపోయి పెట్టె ఒక్కటే మోగింది. మూడు దెబ్బలు, కాస్త ఖాళీ, మళ్ళీ మూడు దెబ్బలు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది, ఒళ్ళంతా చెమట పట్టింది. కారం ఎక్కువైందేమోనని మనవరాలు నీళ్ళు అందించింది. నాకు వేసింది కారం కాదు, భయం. ఎందుకు భయమో ఇంటికి వచ్చాక చెప్పాను. నాకు సంతకం వరకే చదువు కాబట్టి తనే రాసిపెట్టింది.

మాది పెన్న సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో చిన్న పాళెం. అందరివీ చేపల వేట మీద బతికే ఇళ్ళే. పొద్దుగూకేసరికి వేటకు పోయిన పడవ రాకపోయినా, వాన ముసురుకుని ఒడ్డు కనపడకపోయినా, ఇసక దిబ్బ ఎక్కి తప్పెట కొట్టేవాళ్ళు. నీళ్ళ మీద ఉన్నవాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని ఇటు తిరుగుతారు. మూడు దెబ్బలు కొట్టి ఆపేది ఎందుకంటే, ఆ ఖాళీలో సముద్రం మీదనుంచి ఏదైనా కేక వస్తుందేమోనని ఊరంతా చెవి వొగ్గి వినాలి. దాన్ని పిలుపు దెబ్బ అనేవాళ్ళం. అది వినపడితే అన్నం ముందు కూర్చున్నవాళ్ళు చెయ్యి కడగకుండా లేచి దిబ్బ దగ్గరికి పరిగెత్తాలి, ఏ ఊరివాళ్ళైనా సరే. ఊరకనే కొట్టటం మాత్రం మహా తప్పు. పడవ లేకుండా పిలిస్తే సముద్రం ఎవరినో ఒకరిని అడుగుతుందని మా నమ్మకం.

ఆ దెబ్బ కొట్టే చెయ్యి మా పాళెంలో మా ఇంటాయనది. ఒక రోజు పడవ ఒడ్డుకు లాగుతుంటే అల తోసి, ఆయన కాలు పడవ కింద నలిగింది. కాలు నిలబడక వేట మానుకుని, నన్ను తీసుకుని నెల్లూరు చేరాడు.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నెల్లూరికి వచ్చిన మనిషి తినటానికి ఒక చోటికి, తాగటానికి ఒక చోటికి, పాట వినటానికి ఇంకో చోటికి పోవాల్సి వచ్చేది. తినటానికి అరిటాకు వేసి మొలగొలుకుల అన్నం వడ్డించే మెస్సులు, తాగేవాళ్ళకు ఊరి చివర తడికెల కొట్లు, పాటకైతే ఏ పందిట్లోనో కచేరీ పెట్టేదాకా ఆగాల్సిందే. మూడింటినీ ఒక్కచోటికి తెచ్చింది ట్రంకు రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న ఒక హోటలు. మామిడి చెట్ల కింద బల్లలు వేశారని అందరూ తోట హోటలనే అనేవాళ్ళు. తాగేవాళ్ళకు వెనక రేకుల షెడ్డు, ఆడవాళ్ళతో వచ్చినవాళ్ళకు తడిక చాటున వేరే బల్లలు, ముందు సిమెంటు దిమ్మె మీద సందెవేళ పాటలు. హార్మోనియం, తబలా, పాడటానికి ఒక అక్క, వాళ్ళ వెనక డోలక్ తో మా ఇంటాయన. నేను వంటింట్లో చేపలు తోమి, మామిడికాయ వేసి పులుసు పెట్టేదాన్ని. ఆ పులుసు కోసం గూడూరు నుంచి కూడా వచ్చేవాళ్ళంటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఆ హోటలుకు చేపలు తెచ్చేది మా తమ్ముడే. తండ్రి పోయాక మా అమ్మకు మిగిలిన మగదిక్కు వాడొక్కడే. తెల్లారి వేట నుంచి రాగానే గంపతో మొదటి బస్సెక్కి వచ్చేవాడు. ఒకనాడు రాలేదు. రాత్రినుంచి ముసురు, పొద్దెక్కేకొద్దీ గాలి. యజమాని మార్కెట్టు నుంచి చేపలు తెప్పించాడు. అవి తోముతున్నంతసేపూ నా చూపు వాకిలి మీదే ఉంది. ఇంటాయన వచ్చి, వానకు బస్సు నడవలేదేమోలే అన్నాడు. ఆ మాట ఆయనే నమ్మలేదని ముఖం చూస్తే తెలిసిపోయింది.

సాయంత్రానికి వానకు తబలా ఆయన రాలేదు, చెమ్మకు డోలక్ చర్మం వదులైంది. ఇంటాయన పాత తప్పెట తీసి నా పొయ్యి దగ్గరే కాచుకుపోయాడు. పాట మొదలైన కాసేపటికి కరెంటు పోయింది, మైకు ఆగింది, పాడే అక్క గొంతు గాలికి వినపడలేదు. జనం లేచిపోకుండా ఏదో ఒకటి వాయించమని యజమాని చీకట్లోనే కేక వేశాడు. ఇంటాయన పెళ్ళి దరువు ఎత్తుకున్నాడు. చెట్ల మీద గాలి అచ్చం అల విరిగినట్టే మోగుతోంది. ఆ చీకట్లో ఆ హోరులో ఆయన దరువు మెల్లగా మారింది. మూడు దెబ్బలు, ఖాళీ. నేను పులుసు గరిటె వదిలేసి, చేతులకు పసుపుతోనే దిమ్మె దగ్గరికి పరిగెత్తాను.

నేనొక్కదాన్నే కాదు. రొయ్యల లోడు దించి షెడ్డులో తాగుతున్న పక్క పాళేలవాళ్ళు బల్లలు తన్నుకుంటూ ఎంగిలి చేతులతో వచ్చేశారు, ఎవరిదిరా పడవ అని అరుస్తూ. అది చూసి టౌనువాళ్ళు నిప్పంటుకుందో సముద్రమే పొంగిందో అనుకుని వానలోకి పరుగెత్తారు. దీపం వెలిగించేసరికి తోటలో మిగిలింది మేమే.

యజమాని ఇంటాయన భుజం పట్టుకుని ఊపేశాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? జనమంతా పారిపోయినారు."

రొయ్యలవాళ్ళలో పెద్దాయన యజమానిని పక్కకు జరిపి, "ఏ పాళెం పడవయ్యా?" అని అడిగాడు.

"తెలవదన్నా," అన్నాడు ఇంటాయన. "చెయ్యి దానంతటదే కొట్టింది."

వెనకనుంచి ఒక కుర్రవాడు నవ్వాడు. "తాగింది మేమైతే ఊగింది నీ చెయ్యా?"

"నువ్వు నోర్ముయ్ రా. కొట్టినాక పోవాల్సిందే. ఏమ్మా, మీవోళ్ళు ఎవురన్నా నీళ్ళ మీద ఉండారా?" అని పెద్దాయన నన్ను అడిగాడు.

మా తమ్ముడు పొద్దున రాలేదని చెప్పాను. ఆ పెద్దాయన వెంటనే తమ రొయ్యల వ్యాను తియ్యమని, ఇంటాయన్ని తప్పెటతో ఎక్కించాడు. నేనూ పోతుంటే యజమాని, "ఈమె పోతే పులుసు ఎవురు దించతారు?" అన్నాడు.

"నువ్వే దించుకో సామీ, అడుగంటతా ఉండాది," అంటూ పెద్దాయన నన్ను ఎక్కించాడు.

నా బతుకులో అంత భయం మళ్ళీ పడలేదు, మా ఇంటాయన పోయిననాడు కూడా. తమ్ముడు ఇంట్లో ఉంటే, పడవ లేకుండా పిలిచిన పాపం ఈయన మీద పడుతుంది, సముద్రం ఎవరినో అడుగుతుంది. ఇంట్లో లేకపోతే... అక్కడికి వచ్చి ఆగిపోయేదాన్ని. రొయ్యల నీచు వాసన, పైన రేకు మీద వాన. ఇందాక నవ్విన కుర్రవాడు తన కండువా తీసి తప్పెట తడవకుండా చుట్టాడు.

దిబ్బ మీద లాంతరు కనపడగానే తెలిసిపోయింది. మా అమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు రేకు డబ్బాలు కొట్టి కొట్టి అలిసి కూర్చున్నారు. పడవ ముందు రాత్రి పోయింది, రాలేదు. డబ్బా చప్పుడు గాలి దాటి పోవటం లేదు. తాటాకులు మండించి తప్పెట మళ్ళీ కాచారు. ఇంటాయన్ని ఇద్దరు పట్టుకుని దిబ్బ ఎక్కించారు. ఆయన కొట్టి ఆపినప్పుడల్లా మేమంతా ఊపిరి బిగబట్టాం. అల తప్ప ఏమీ లేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అలే. నా చెవులు నన్నే మోసం చేసి, లేని కేకలు వినిపించాయి. ఆయన అరచెయ్యి చిట్లి తప్పెట మీద నెత్తురు మరకలయ్యాక, మా అమ్మ తల ఎత్తింది. ముందు విన్నది తనే. ఉత్తరాన, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి ఎక్కడో, నీళ్ళ మీద సన్నగా ఒక కేక.

వాన తెరలో ఒడ్డు ఏ పక్కుందో తెలియక వాళ్ళు పొద్దంతా తిరుగుతూనే ఉన్నారట. పడవ ఇసకను తాకగానే అందరూ నీళ్ళలోకి దిగారు. నేను లాంతరు ఎత్తి పట్టుకుని ఒడ్డునే ఉన్నాను. తమ్ముడు చలికి వణుకుతూ వచ్చి నా పక్కన కూర్చుని, "బావ చెయ్యేనని నీళ్ళ మీదే తెలిసిపోయినాది," అన్నాడు. తల తుడుచుకుంటూ, "తప్పెట ఇన్నాం గానీ అక్కా, పులుసు వాసన రాలేదే," అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

తర్వాత హోటలుకు పోతే యజమాని తిట్టలేదు, నవ్వుతూ కుర్చీ వేశాడు. ఆ సంగతి ఊరంతా పాకిందట, జనం అదే వినాలని అడుగుతున్నారట, రోజూ ఒకసారి దీపాలార్పి ఆ దెబ్బ కొట్టాలన్నాడు. ఇంటాయన చెయ్యనన్నాడు. అయితే నీ చోటు ఇంకొకరికి అన్నాడు యజమాని. మూట కట్టుకుంటూ, కాలు పట్టులేని మనిషితో పాళెంలో ఎట్లా బతకాలా అని కొంగుముడి డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టాను. వలలు బాగుచేస్తూ, చేపలు ఎండబెడుతూ ఎట్లాగో బతికాం. దిబ్బ మీద ఆ చెయ్యి ఆయన పోయేదాకా ఆడింది.

ఇప్పుడు నా తమ్ముడి కొడుకులు వేటకు పోతున్నారు. పడవ ఎక్కడుందో చూపించే ఫోన్లు వాళ్ళ దగ్గర ఉన్నాయి, కాస్త లోపలికి పోయేసరికి అవి పలకవు. ఇసక దిబ్బను చదును చేసేశారు. అక్కడ కొబ్బరాకుల పందిళ్ళు వేసి, వేయించిన చేప, చల్లటి సీసాలు, శనివారమైతే పాటగాళ్ళు. నెల్లూరు నుంచి కార్లలో వస్తారు. తోట హోటలు నడిచి నడిచి మా ఒడ్డుకే వచ్చేసినట్టుంది. పిల్లలు బాగా పాడతారు, నేనూ వాకిట్లో కూర్చుని వింటాను. గాలి లేచిన సాయంత్రాల్లో మాత్రం లేచి అక్కడిదాకా పోయి, మావాళ్ళు ఇంకా రాలేదు, కేక వేస్తే వినపడాలి, కాస్త తగ్గించండి నాయనా అని అడుగుతాను. అట్లాగే అవ్వా అని మర్యాదగా తగ్గిస్తారు. నేను ఇంటికి చేరేలోపే మళ్ళీ పెంచుతారు.