మేధావి తెరవని రీడ్‌మీ

చర్చిలో పాటలు తెర మీద వేసే పాత కంప్యూటర్‌ను ఈరోజు తుడుస్తుంటే, వేడెక్కిన దుమ్ము వాసనకి ఆరో తరగతి గుర్తొచ్చింది. అన్నీ తెలిసిన అన్నయ్య మీకూ ఉండేవాడా? అప్పట్లో మా పెదనాన్న కొడుకు తన విండోస్ కంప్యూటర్‌లో ఆడే గేమ్‌ను, దాన్ని కొత్తగా మార్చే మాడ్‌తో సహా, ఈ కంప్యూటర్‌లోని లైనక్స్‌లోకి ఎక్కించాడు. గేమ్ వచ్చింది, మాడ్ రాలేదు.

“నువ్వు ముట్టుకోవాకు పాపా, చెడిపోతాది,” అని నీళ్లు తాగడానికి వెళ్లాడు.

నేను గేమ్‌తో వచ్చిన రీడ్‌మీ అనే సూచనల ఫైల్ చదివి, అందులో ‘లైనక్స్’ అన్న మాట కింద ఉన్న లైన్‌ను కాపీ చేసి గేమ్ సెట్టింగ్స్‌లో పెట్టాను. తిరిగొచ్చేసరికి మాడ్ నడుస్తోంది.

“చూసినావా, నా దెబ్బకి దారికొచ్చింది!”

చర్చి కంప్యూటర్‌లో ఆటలంటే నాయన తోలు తీస్తాడు. రీడ్‌మీ మూసేసి, ఆ గొప్ప వాడికే వదిలేశాను.

నిన్న వాడు మ్యాక్ కొన్నాడు. “మాడ్ ఓపెన్ కావట్లే, ఎవరికన్నా తెలుసా?” అని అదే గేమ్ గురించి ఫ్యామిలీ గ్రూపులో అడిగాడు. అందులో నాయన కూడా ఉన్నాడు, చెబితే ఆనాటి చర్చి ఆట బయటపడుతుంది, నేను చెప్పను. మ్యాక్ లైన్ కూడా ఆ రీడ్‌మీలోనే ఉంది. మేధావి ఇంకా తెరవలేదు.