కాబోయే భర్త వీసాకు కల్యాణం ఆల్బమ్

మామూలు మనిషి తన కాపురాన్ని చెడగొట్టుకోవడానికి పెళ్లయ్యాక ఓ పదేళ్లయినా తీసుకుంటాడు. నేను అంత ఆలస్యం చేయలేదు. పెళ్లికి ముందే, పూర్తిగా సొంత తెలివితో, ఒక్కరి సాయమూ తీసుకోకుండా ఆ పని ముగించాను. ఎలా ముగించానో చెబుతాను వినండి. నా మీద జాలి పడాల్సిన అవసరం ఎక్కడా రాదు, కాబట్టి నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో, లిఫ్టు ఎన్నడూ పనిచేయని భవనం నాలుగో అంతస్తులో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పేవాడిని. పాఠాలు అనడం మర్యాద కోసం. నా అసలు విద్య రెజ్యూమెలు తయారు చేయడం. ఆరు నెలలు పనిచేసినవాడికి మూడేళ్ల అనుభవం, అసలేమీ చేయనివాడికి నాలుగేళ్ల అనుభవం రాసిచ్చేవాడిని. "ఫైలు బరువుండాలె. ఇంటర్వ్యూల 'నో' అనే మాట నోట్లకెల్లి రావద్దు. గీ రెండు యాద్ పెట్టుకుంటే చాలు" అని బోర్డు ముందు నిలబడి ఉపదేశించేవాడిని. వెర్రి పిల్లలు అది కూడా నోట్సులో రాసుకునేవారు. ఖర్మ కాలి వాళ్లలో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. దాంతో నాకు గర్వం తలకెక్కింది.

లహరి నాకు బేగంపేటలో ఒక బంధువు పెళ్లిలో పరిచయమైంది. వాళ్లదీ మాదీ సిరిసిల్లే, వాళ్ల తాతా మా తాతా పక్కపక్క మగ్గాల మీద నేసినవాళ్లే. కాకపోతే ఆమె పుట్టింది, పెరిగింది, పౌరురాలైంది అమెరికాలో. డాలస్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. తల్లీ తండ్రీ పోయారు, అన్నదమ్ములు లేరు. పది రోజుల్లో మేం ఒకరికొకరం నచ్చేశాం. ఆమెకు నాలో ఏం నచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగే ధైర్యం కూడా లేదు.

"నాకు పెద్ద ఆశలేం లేవు" అంది ఒకరోజు. "డ్యూటీ నుంచి ఇంటికొస్తే తలుపు నేనే తీసుకుంటున్న. ఎనిమిదేండ్ల సంది. లోపటి నుంచి ఎవరన్న తీస్తే చాలు."

ఎంత చిన్న కోరిక చూడండి. దీన్ని కూడా తీర్చలేకపోయిన ఘనుడి కథ ఇది.

మాకు రెండు దారులున్నాయి. ఒకటి, ఇక్కడే పెళ్లి చేసుకుని, రిజిస్టర్ చేయించి, భర్తగా వీసాకు పెట్టుకోవడం. రెండోది, పెళ్లి చేసుకోకుండా, కాబోయే భర్తగా వీసా తెచ్చుకుని, అక్కడ దిగిన తొంభై రోజుల్లో పెళ్లి చేసుకోవడం. లహరి మొదటిదే మంచిదంది.

"జర టైం పడ్తది గని సీదా దారి. సర్టిఫికెట్ ఉంటది, ఎవ్వరు ఏం అనరు."

"నీకు తెల్వదు లహరీ. రెండోది ఆరు నెలలు జల్దీ అయితది."

"నాకు తెల్వదా? నేను ఆడ్నే పుట్టిన."

"గదే ప్రాబ్లెం. ఆడ పుట్టినోళ్లకు వీసా సంగతి ఎట్ల తెలుస్తది? మీరెన్నడన్న వీసా తీసుకున్నరా? వీసా అంటే అమీర్‌పేటోళ్లను అడగాలె."

ఈ వాక్యాన్ని నేను నిజంగానే అన్నాను. ఆ దేశపు పాస్‌పోర్టు చేతిలో ఉన్న మనిషితో, అంతవరకూ షోలాపూర్ దాటి ఎరగని నేను, గడ్డం గోక్కుంటూ అన్నాను. పాపం ఆ పిచ్చిది ఆరు నెలలు ముందు అన్న మాటకు లొంగిపోయింది. అర్జీ ఆమె పెట్టాలి, సాక్ష్యాలు నేను కూర్చాలి అనుకున్నాం.

సాక్ష్యాలంటే, మా ఇద్దరిదీ ఉత్తుత్తి సంబంధం కాదని చూపించే కాగితాలు, ఫోటోలు. మా ఇళ్లలో నిశ్చితార్థమంటే ఇరవై మంది, తాంబూలాలు, ఉంగరాలు, లడ్డూ, మిక్స్చర్. అంతకు మించి ఏమీ ఉండదు. ఆ ఇరవై మందినీ ఊహించుకుంటే, ఏ అనుభవమూ లేని కుర్రాడి ఒక్క పేజీ రెజ్యూమె గుర్తొచ్చింది నాకు. దీన్ని చూసి ఏ ఆఫీసరు నమ్ముతాడు? వెంటనే నా విద్య మేల్కొంది. పంజాగుట్టలో ఫంక్షన్ హాల్ మాట్లాడాను. మూడువందల మందిని పిలిచాను. పందిరి, పూలదండలు, బాసికాలు, సన్నాయి, డ్రోన్ కెమెరా, అన్నీ పెట్టించాను. పంతులు గారిని కూర్చోబెట్టి కార్యక్రమం వివరించాను.

"జీలకర్ర బెల్లమా?" అన్నాడాయన, చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకుని. "నిశ్చితార్థానికి జీలకర్ర బెల్లం ఏడ చూసినవు నాయనా?"

"మీరు పెట్టించుర్రి పంతులు గారూ. ఫోటో కోసం."

"తలంబ్రాలు సుత పోయిస్తనంటున్నవు. మరి పెండ్లికి ఏం మిగులుతది?"

"తాళి, ఏడడుగులు మిగుల్తయి. గవి ముట్టొద్దు."

ఆయన మా అమ్మ వైపు చూశాడు. మా అమ్మ నా వైపు చూసింది.

"బిడ్డా, పెండ్లి ఆడికి పోయి చేసుకుంటనంటివి గదరా. గిప్పుడు గిదంత ఏంది?"

"ప్రూఫ్ అమ్మా, ప్రూఫ్."

ఆ రోజు పీటల మీద లహరి నా చెవిలో మెల్లగా అడిగింది. "ఇది ఎంగేజ్‌మెంటే గదా?"

"ఎంగేజ్‌మెంటే. జర హెవీ ఎంగేజ్‌మెంట్."

ఫోటోగ్రాఫర్ ఊరుకుంటాడా? "సార్, తాళి సుత కట్టుర్రి, షాట్ మస్తుగొస్తది" అన్నాడు. నేను వేలు చూపించి హెచ్చరించాను. "తాళి కడితే పెండ్లయితది. పెండ్లయితే గీ వీసా రాదు. నాకు రూల్స్ తెల్సు." చూశారా, మొత్తం అజ్ఞానంలో తెలిసిన ఆ ఒక్క ముక్కను ఎంత గర్వంగా పట్టుకు తిరిగానో. ఇల్లంతా తలుపులు తీసి పెట్టి, బాత్‌రూమ్ కిటికీకి తాళం వేసినవాడిలా ఉన్నాను.

ఆల్బమ్ నలభై పేజీలు వచ్చింది. దాన్ని చంకలో పెట్టుకుని మా సెంటర్ కింద జిరాక్స్ షాపు ఖలీల్ భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన మొదటి పేజీ తిప్పి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"షాదీ ముబారక్ మాస్టర్! చెప్పనే లేదు."

"షాదీ గాదు భాయ్, ఎంగేజ్‌మెంట్."

ఆయన ఇంకో నాలుగు పేజీలు తిప్పాడు. నవ్వు తగ్గింది. "మాస్టర్, ఇరవై ఏండ్ల సంది గీడ వీసా ఫైళ్లు జిరాక్స్ కొడుతున్న. నాకే షాదీ లెక్క కనబడుతుంది. ఆఫీసర్‌కు ఎట్ల కనబడ్తదో సోంచాయించుర్రి. ఉంగరాలది ఒకటి, అందరు కూసొని తినేది ఒకటి, రెండు ఫోటోలు పెట్టుర్రి. బస్."

"రెండు ఫోటోలతోని ఎవడు నమ్ముతడు భాయ్? ఫైలు బరువుండాలె."

"మీ మర్జీ" అని ఆయన మిషన్ ఆన్ చేశాడు. ఆ రోజు అమీర్‌పేటలో బుద్ధి ఉన్న మనిషి ఆయనొక్కడే, ఆయన మాట నేను వినలేదు.

అర్జీ వెళ్లింది, ఏడాది గడిచింది, ముంబైలో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. కొత్త షూ వేసుకుని వెళ్లాను. అద్దం అవతల ఉన్న ఆఫీసరమ్మ చాలా మర్యాదస్తురాలు. ఆమె ఇంగ్లీషులో అడిగింది, నేను ఇంగ్లీషులోనే మునిగాను, మీ సౌకర్యం కోసం తెలుగులో చెబుతున్నాను.

"ఈ ఫోటోలో ఏం జరుగుతోంది?"

"నిశ్చితార్థం మేడమ్."

"ఒకరి తల మీద ఒకరు ఏదో పెడుతున్నారు."

"జీలకర్ర, బెల్లం."

"నిశ్చితార్థాల్లో ఇది మామూలేనా?"

ఇక్కడ 'కాదు మేడమ్, నా వెర్రి' అంటే సరిపోయేదేమో. కానీ 'నో' అనడం మన సిద్ధాంతానికి విరుద్ధం. "మాది చాలా గ్రాండ్ నిశ్చితార్థం" అన్నాను.

ఆమె ఇంకో రెండు పేజీలు తిప్పి, పెన్ను కింద పెట్టింది. "మీ అమ్మగారు లహరిని ఏమంటారు?"

హమ్మయ్య, ప్రేమ సంగతులు అడుగుతోంది, దారిలో పడింది అనుకున్నాను. "కోడలు అంటుంది."

"మీ చెల్లెలు?"

"వదిన అని పిలుస్తుంది. రోజూ ఫోన్ చేస్తుంది."

"మీ వీధిలో వాళ్లు?"

"యూసుఫ్‌గూడలో అందరికీ ఆమె మాస్టర్ గారి భార్యే."

"అంటే మీవాళ్లందరి దృష్టిలో మీరిద్దరూ భార్యాభర్తలు."

నా విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఇక్కడ పుస్తకం మూసేయండి. మీ గురువు పరువు పోయే చోటు ఇదే.

"ఎస్ మేడమ్. హండ్రెడ్ పర్సెంట్."

"మరి మీ దృష్టిలో?"

నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. "నా మనసులో ఆమె ఎప్పుడో నా భార్య అయిపోయింది మేడమ్."

ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు. దారి తప్పిన పెద్దాయనను రోడ్డు దాటించేటప్పుడు చూస్తామే, అలా చూసింది. "చాలా సంతోషం. భార్య ఉన్నవాళ్లకు కాబోయే భర్త వీసా ఇవ్వలేం. మీ పెళ్లి సర్టిఫికెట్‌తో భర్తగా మళ్లీ అర్జీ పెట్టుకోండి" అని ఒక కాగితం ఇచ్చింది.

బయటికొచ్చి లహరికి ఫోన్ చేశాను.

"ఏమన్నరు?"

"మనకు పెండ్లయిందంట."

"ఎవరు చెప్పిన్రు?"

"నేనే చెప్పిన."

తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "వచ్చే నెల వస్తవు గదా అని రెండో తాళంచెవి చేయించిన" అంది. ఆ ఒక్క మాట అని ఫోన్ పెట్టేసింది. ఆ ఫుట్‌పాత్ మీద నాకు ఏడుపొచ్చింది. నా తెలివి మీద నాకు అసహ్యం వేయడం అదే మొదటిసారి. బుద్ధి రావడం మాత్రం ఇంకా మొదలవలేదు.

ఎందుకంటే హైదరాబాద్‌లో దిగగానే నాకు ఇంకో ఆలోచన తట్టింది. పెళ్లయిందని అమెరికానే అంటున్నప్పుడు మళ్లీ చేసుకోవడం దేనికి? అదే ఆల్బమ్ చంకలో పెట్టుకుని, పెళ్లి రిజిస్టర్ చేయించడానికి రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని నలభై పేజీలూ ఓపికగా చూశాడు.

"తాళి కట్టిన ఫోటో ఏది?"

"కట్టలే సార్."

"ఏడడుగులు?"

"నడవలే."

"పెండ్లి కార్డు?"

"ఎంగేజ్‌మెంట్ కార్డుంది."

"పెండ్లిపిల్ల?"

"డాలస్‌ల ఉంది."

ఆయన ఆల్బమ్ మూసి నా వైపు తోశాడు. "గిది పెండ్లెట్లయితది? నీకింక పెండ్లి గాలే తమ్మీ."

"అమెరికావాళ్లు అయిందన్నరు సార్!"

"అయితే సర్టిఫికెట్ వాళ్లనే ఇయ్యమను."

అలా ఒకే నెలలో ఒక దేశం నాకు పెళ్లయిందని వెనక్కి పంపింది, ఇంకో దేశం కాలేదని వెనక్కి పంపింది. ఇంత గొప్ప స్థితికి చేరుకోవడానికి నేను మూడువందల మందికి భోజనం పెట్టాను.

లహరి ఉన్న సెలవులన్నీ ఊడ్చి, జీతం లేని సెలవు కలుపుకుని వచ్చింది. విదేశీ పౌరురాలు కాబట్టి ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నారు. మా ఇద్దరి పేర్లూ ఆఫీసు గోడకు అతికించారు, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పాలట. ఒక్కరూ రాలేదు. అభ్యంతరం చెప్పడానికి అన్ని హక్కులూ ఉన్న మనిషి నా పక్కనే నిలబడి సంతకం పెట్టింది. పది నిమిషాల్లో అయిపోయింది. సన్నాయి లేదు, డ్రోన్ లేదు. మర్నాడే విమానం ఎక్కించాను. మళ్లీ ఏడాదిన్నర ఆమె తలుపు ఆమే తీసుకుంది. ఆరు నెలలు మిగల్చబోయిన మహామేధావి వల్ల.

రెండో ఇంటర్వ్యూకి నేను తీసుకెళ్లిన ఫైల్లో సర్టిఫికెట్, రెండు ఫోటోలు. ఆఫీసరు ఈసారి ఒక పెద్దాయన. కంప్యూటర్లో పాత ఫైలు చూస్తూ చూస్తూ పెదవి కొరుక్కున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"పోయినసారి కాబోయే భర్త వీసా ఎంచుకున్నది ఎవరు?"

"నేనే సార్."

"ఈసారి ఇది ఎంచుకున్నది?"

"మా ఆవిడ."

ఆయన ఇంకేమీ అడగలేదు. వీసా ఇచ్చేశాడు.

ఇప్పుడు డాలస్‌లో ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు లోపలి నుంచి నేనే తీస్తున్నాను. ఒక్కరోజు కూడా మానలేదు. ఈ సందర్భంగా, మా ఇంటి గడప మీద నిలబడి, ముక్కోటి దేవతల సాక్షిగా, అమీర్‌పేటలోని నా పూర్వ శిష్యులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకే ఫైలుకూ బరువు పెంచను. 'నో' అనాల్సిన చోట గొంతెత్తి 'నో' అంటాను. ఇక మీదట ఎవరైనా నన్ను "మీకు పెళ్లయిందా?" అని అడిగితే, లహరిని అడిగి చెబుతాను.