గెడ్డకి అడ్డం తీసిన మనిషి

“మీ అత్త పోనాది. ఏడుస్తా కూకోకండి, ముందు బస్సెక్కండి.”

పొద్దున్నే ఫోన్ చేసి ఈ మాట చెప్పింది మా అత్తగారి ఊళ్లో ఉండే ఒక టిప్పర్ డ్రైవరు భార్య. మా అత్తగారిని ఊరందరికంటే ఎక్కువ తిట్టిన మనిషి ఆవిడే. అరుగు మీద తల దువ్వుకుంటూ కూర్చున్న అత్తగారు అలాగే పక్కకి ఒరిగిపోయారట. ముందు చూసిందీ ఈవిడే, నోట్లో నీళ్లు పోసిందీ ఈవిడే. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, “నాతో తగువు తేలకుండానే ఎల్లిపోనాది, మొండి మనిషి” అంది. గొంతులో కోపం కాస్త కూడా తగ్గలేదు.

నాదీ అదే కోపం. మా అత్తగారు ప్రేమమూర్తి అని రాస్తే ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. ఆవిడ నన్ను ఒక్కసారి కూడా “తిన్నావా” అని అడగలేదు. నేను చేసిన కూర బాగుందని అనలేదు. బాగులేకపోతే మాత్రం కంచం పక్కకి జరిపి, “ఇదేటమ్మీ, ఉప్పు మీ గాజువాకలోనే మర్సిపోయి ఒచ్చినావా?” అనేవారు. అయినా నాలుగు మాటలు రాయాలి. ఎందుకంటే ఆవిడ గురించి ఇప్పుడు మైకుల్లో చెబుతున్నవాళ్లందరూ అబద్ధాలు చెబుతున్నారు.

ఆవిడది పద్మనాభం వైపు ఒక పల్లె. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి గాజువాకలోనే ఉండిపోయిన మనిషి. సంబంధం మాట్లాడడానికి వెళ్లినప్పుడు ఆవిడ “మా భూమి గెడ్డకి దిగువన ఉంది” అంటే, మా నాన్న తెలియకుండానే తన గడ్డం తడుముకున్నాడు. గెడ్డ అంటే కొండ మీంచి దిగే ఏరని అప్పుడు తెలిసింది మాకు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. గెడ్డ విషయంలో ఆవిడకి వేళాకోళం పడదు.

ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి ఆవిడే ప్రెసిడెంటు. మీటింగు అంటే ప్రతివారం పోట్లాటే. ఆ రోజుల్లోనే సిటీ నుంచి ఒక సంస్థవాళ్లు జీపులో వచ్చి, సంఘం చేత గెడ్డ గట్టు మీద మొక్కలు నాటిస్తామన్నారు. టోపీలు పంచారు. పెద్ద బోర్డు పెట్టారు. మొక్కలు నాటడం, ఫొటోలు తీయడం, ఎండాకాలానికి అవి ఎండిపోవడం, వానలు పడగానే అవే గోతుల్లో మళ్లీ కొత్త మొక్కలు పెట్టడం. ఒకసారి ఆ సంస్థ కుర్రాడు ఆవిడ చేతికి మొక్క ఇచ్చి, “అమ్మా, ఇటు చూసి కొంచెం నవ్వండి” అన్నాడు.

“ఫొటో తీత్తే మొక్కకి నీరు దిగద్దేటి బావూ? పైన గెడ్డకి అడ్డంగా మట్టి పోసినారు. ముందు అది తియ్యించు. అప్పుడు నవ్వుతాను” అన్నారు ఆవిడ.

“అది మా ప్రాజెక్టులోకి రాదమ్మా.”

“మరి నీ మొక్క నా గెడ్డలోకి ఎలాగొచ్చీసింది?” అని మొక్కని అతని చేతికే తిరిగి ఇచ్చేశారు.

ఆ మట్టి పోయించింది ఆవిడ సొంత తమ్ముడు. కొండ తవ్వి ఎర్రమట్టి లేఅవుట్లకి తోలే వ్యాపారం ఆయనది. టిప్పర్లు దగ్గరి దారిన వెళ్లాలని గెడ్డకి అడ్డంగా రోడ్డు వేయించాడు. అడుగున పేరుకి సిమెంటు గొట్టాలు పెట్టించాడు కానీ, మొదటి వానకే అవి చెత్తతో పూడుకుపోయాయి. ఎగువన నీళ్లు నిలిచి నారు కుళ్లిపోయేది. దిగువన నేల నెర్రెలిచ్చేది. ఇదంతా ఊరికి కనబడుతూనే ఉంది. కానీ ఊళ్లో సగం ఇళ్లలో మగవాళ్లు ఆ టిప్పర్ల మీదే బతుకుతున్నారు. మా ఆయన కూడా మేనమామ దగ్గరే, క్వారీ నుంచి బళ్లు పంపించే పనిలో ఉండేవాడు. ఆ జీతంతోనే మా ఇల్లు గడిచేది.

అత్తగారు తమ్ముడి ఇంటికి వెళ్లి అడిగారు. “సూద్దాం అప్పా” అన్నాడాయన; అక్కని ఆ ఊళ్లో అప్ప అంటారు. మళ్లీ అడిగారు. “నీకెందుకప్పా ఈ గొడవ?” అన్నాడు. ఆ తర్వాత ఆవిడ అడగడం మానేశారు. అర్జీలు పెట్టారు. జవాబు రాలేదు. సంఘం మీటింగులో, “రోడ్డు మనమే తవ్వీద్దాం” అన్నారు. డ్రైవర్ల భార్యలు లేచి వెళ్లిపోయారు. ఇందాక ఫోన్ చేసిందని చెప్పానే, ఆవిడ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “నీ కొడుకు కూడా అక్కడే తింతన్నాడు కదా, సిగ్గు నేదేటి?” అని అడిగింది. ఆ ప్రశ్న నాదీను.

వానలు మొదలవబోయే ముందు ఒక ఉదయం, మిగిలిన కొద్దిమంది ఆడవాళ్లతో కలిసి ఆవిడ గునపం పట్టుకుని ఆ రోడ్డు నడిమధ్యకి దిగారు. నేను పరిగెత్తుకుని వెళ్లేసరికి అటూ ఇటూ టిప్పర్లు బారు కట్టి హారన్లు కొడుతున్నాయి. డ్రైవర్లు దిగి బూతులు తిడుతున్నారు. తవ్వుతున్న ఆడవాళ్లని ఆపడానికి క్వారీవాళ్లు పంపించింది ఎవరినో కాదు, మా ఆయన్నే.

“అమ్మా, పైకి రా. బళ్లెల్లాల.”

“బళ్లెటెల్లాలో మీ మావయ్యనడుగు.”

“నా ఉద్యోగం పోద్దమ్మా.”

ఆవిడ గునపం ఆపలేదు, తలెత్తలేదు. “పోద్ది. తెలుసు” అన్నారు.

అంతే. ఆ రెండు మాటలు నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ గట్టు మీదే నిలబడి అరిచాను. “మీకు కన్నకొడుకు కంటే ఈ గెడ్డే ఎక్కువైపోయిందా అత్తయ్యా?”

అప్పుడు తలెత్తి నా వైపు చూశారు. మొహం నిండా ఎర్రమట్టి, చెమట. “ఎక్కువ తక్కువలేటమ్మీ. ఆడికి కాళ్లున్నాయి, ఎక్కడికెల్లినా బతుకుతాడు. గెడ్డ ఎక్కడికెల్తాది?”

మా ఆయన డ్రైవర్ల వైపు తిరిగి, బళ్లు వెనక్కి తిప్పమని చెయ్యి ఊపాడు. తల్లికి సాయంగా మాత్రం కిందికి దిగలేదు. సాయంత్రానికి మేనమామ ఫోన్ చేసి రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ వారంలోనే మేము సామాను కట్టుకుని గాజువాక వచ్చేశాం. మా నాన్న ఎవరినో పట్టుకుంటే మా ఆయనకి ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికింది. బట్టీల వేడికి ఒళ్లు కమిలిపోయి ఇంటికొచ్చిన రోజుల్లో ఆయన తల్లి పేరు ఎత్తేవాడు కాదు. నేను ఎత్తేదాన్ని, తిట్టడానికి.

ఊళ్లో ఆవిడ పరిస్థితి ఇంకా అన్యాయం. ఆవిడ వీధిలోకి వస్తే తలుపులు మూసుకునేవారట. పెరట్లో బొప్పాయి చెట్లు ఎవరో విరిచేశారు. చుట్టాలింట్లో పెళ్లికి పిలవలేదు. ఆవిడ ఏడవలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. తవ్విన మట్టి గెడ్డలోనే కుప్పలుగా ఉండిపోయింది, పెద్ద వానలకి ముందే ఎత్తిపోయాలి. అందుకని ప్రతి గుమ్మం ముందూ నిలబడి అరిచేవారట, “నాతో మాటాడక్కర్నేదు. పార పట్టుకు రండి సాలు!” అని. మొదట ఎవరూ రాలేదు. తరవాత ఒకరిద్దరు వచ్చారు, ఆవిడ మీద ప్రేమతో కాదు, వాళ్ల చేలు కూడా దిగువనే ఉన్నాయి గనక. చివరికి డ్రైవరు భార్య కూడా వచ్చింది. మొహం అటు తిప్పుకుని మట్టి తట్టలు మోసేదట. అలా ఒకరితో ఒకరు పలకకుండానే గెడ్డ శుభ్రం చేశారు. గట్టు కోసుకుపోకుండా మొగలి, కానుగ ఆవిడే తెచ్చి పెట్టించారు.

ఆ ఏడు గెడ్డ పారింది. టిప్పర్లు చుట్టూ తిరిగి పెద్దరోడ్డున వెళ్లడం నేర్చుకున్నాయి, ఎవరి ఉద్యోగమూ పోలేదు, మా ఆయనది తప్ప. నీళ్లు రాగానే సంస్థవాళ్లు కూడా వచ్చేశారు. టోపీ పెట్టిన అత్తగారి పాత ఫొటోతో, గెడ్డని తామే బాగుచేసినట్టు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆవిడ దాన్ని విప్పించి, బొమ్మ లోపలి వైపుకి తిప్పి గడ్డికుప్ప మీద కప్పుకున్నారు. “గుడ్డ గట్టిది. వాన దిగట్నేదు” అనేవారట, ఎవరైనా అడిగితే.

మరుసటి సంక్రాంతికి మేము వెళ్లలేదు. ఆ పండగ వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం ఆవిడే మా ఇంటికి వచ్చారు. బస్సులు మారి, నెత్తిన బియ్యం మూటతో మూడంతస్తుల మెట్లు ఎక్కారు. మూట గుమ్మంలో దించి, “దిగువ సేలోవి” అన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లు తాగారు. వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే వెళ్లి బిగించి, నన్ను ఒక చూపు చూశారు. వెళ్లిపోయారు. కొడుకు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగలేదు.

అవి ఏళ్ల తరబడి బీడు పడిన చేలో పండిన బియ్యం. ఆ రాత్రి అన్నం పెడుతూ ఎక్కడివో చెప్పాను. మామూలుగా మా ఆయన మారు వడ్డించుకోడు. ఆ రోజు వడ్డించుకున్నాడు. మరుసటి ఆదివారం ఊరికి వెళ్లొస్తానన్నాడు. వెళ్లాడు. తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారని అడిగితే, “తిట్టింది” అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహం తేటగా ఉంది. అందుకు మాత్రం ఆవిడకి రుణపడి ఉన్నాను. రానని భీష్మించుకున్న కొడుకు కోసం మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది ఆవిడే కాబట్టి.

పెద్దకర్మ రోజున ఆవిడ తమ్ముడు షామియానా వేయించి, మైకు పెట్టించి, అందరికంటే పెద్ద దండ తెచ్చాడు. “మా అప్ప ఈ ఊరికి గెడ్డని తెచ్చిన మహాతల్లి. ఆయమ్మ మాట నానెప్పుడూ కాదన్నేదు” అని మైకులో చెప్పాడు. మా ఆయన కూర్చున్నచోటి నుంచి లేచాడు.

“మావయ్యా, అమ్మ నిన్ను తిట్టిన తిట్లన్నీ నాకు నోటికొచ్చు. మైకిలా ఇవ్వు, సెప్తాను.”

మేనమామ మైకు ఇవ్వలేదు, పక్క కుర్చీలో పెట్టి కూర్చుండిపోయాడు. అప్పుడు డ్రైవరు భార్య లేచింది. “ఆయమ్మ మంచిదని ఇంకెవులైనా అంటే నానిక్కడ బోంచెయ్యను. మంచిదైతే ఆ రోడ్డు ఇప్పటికీ అక్కడే ఉండీది” అని, కొంగుతో ముక్కు తుడుచుకుని కూర్చుంది. ఆ రోజు మా అత్తగారి గురించి ఎవరైనా నిజం చెప్పారంటే అదొక్కటే. తర్వాత సంఘంవాళ్లే అందరికీ వడ్డించారు.

మర్నాడు మేము బయల్దేరుతుంటే కొండ మీద వాన పడింది. ఆటో గెడ్డ దాటుతుండగా ఎగువ నుంచి ఎర్రనీళ్లు దిగడం కనబడింది. ఎండుటాకులూ పుల్లలూ నెట్టుకుంటూ ముందు సన్నగా, తర్వాత ఒక్కసారి గట్టు నిండుగా వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో మనుషులు పారలతో పరిగెత్తుకొచ్చారు. ముందు ఎవరి చేనికి మడవ తీసి నీళ్లు వదలాలని అప్పుడే కేకలు మొదలయ్యాయి. ఒకాయన పంచె ఎగ్గట్టి ఎదుటివాడి మీదకి పార ఎత్తాడు. వాడు వీడి తాతల వరకూ వెళ్లి తిట్టాడు. నీళ్లు లేని ఏళ్లలో ఈ ఊళ్లో ఈ పోట్లాటే లేదు.

మా ఆయన ఆటో ఆపించాడు. చెప్పులు విప్పి నా ఒళ్లో పెట్టి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని గెడ్డలోకి దిగాడు. “మా సేను మడవ కట్టీసినదెవడ్రా?” అని అరుస్తూ, ఎర్రనీళ్లు తొడల దాకా ఎగజిమ్ముతుంటే, దిగువకి నడిచాడు.