టార్పాలిన్ మీద అల

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ పూర్తయి నెల తిరగలేదు. ఆర్మూర్‌లో మా మేనత్త ఇంట్లో మకాం. మర్నాడు పొద్దున ఒక జూనియర్ కాలేజీలో డెమో క్లాసు, పాఠం తరంగాలు. నచ్చితే ఉద్యోగం, లేకపోతే మా ఊరి బస్సు. నాకైతే ఉద్యోగం వచ్చేసినట్టే ఉంది (చీర కూడా ఇస్త్రీ చేయించేశాను).

అత్త పెరట్లో టార్పాలిన్ పరిచి ఒక చివర పసుపు కొమ్ములు, రెండో చివర గుండ్లు, అంటే గుండ్రటి తల్లి దుంపలు, పల్చగా ఎండబోసింది. మార్కెట్లో రెండింటికీ రాశులు వేరు, ధరలు వేరు. కలిస్తే కొనేవాళ్లు మొహం చిట్లిస్తారని రెండు రోజులు కూర్చుని ఏరింది. నాకు మాత్రం అందులో రేపటి పాఠమే కనబడింది.

"అత్తా, ఈ చివర పట్టుకొని ఊపితే అల ఆ చివరికి పోతది. కొమ్ములు మాత్రం ఉన్నకాడనే లేచి ఉన్నకాడనే కూసుంటయి. అల మోసుకపోయేది శక్తిని, సరుకును గాదు."

"వద్దు బిడ్డా, ఏరిపెట్టిన సరుకు."

"ఒక్క కొమ్ము జరిగినా రేపు గా ఉద్యోగమే నాకొద్దు!"

రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి, ఒక్క విదిలింపు విదిలించాను. అల బ్రహ్మాండంగా పోయింది. దాంతోపాటు కొమ్ములూ పోయాయి. సగం గుండ్లలో పడ్డాయి, కొన్ని గోడ దూకాయి. "ఏందమ్మా, హల్దీ వాన పడుతున్నదా?" అని అవతలి నుంచి పక్కింటి ఖాలా కేకేసింది.

అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఉద్యోగం వద్దంటివి గదా, తీరికనే ఉన్నవు. కూసొని ఏరు," అంది.

సాయంత్రం దాకా ఏరాను. అత్తకే చూపించలేని దాన్ని రేపు యాభై మందికి ఏం చెబుతాను? మొదటిసారి నిజంగా భయమేసింది. అప్పుడు అత్త వచ్చి, టార్పాలిన్ అంచు పట్టుకుని, బెత్తెడు ఎత్తుకు లేపి దించింది. చిన్న ఉబ్బు ఒకటి ఈ చివర నుంచి ఆ చివరికి సాగిపోయింది. కొమ్ములు వరసగా లేచి, ఎక్కడివక్కడే కూర్చున్నాయి.

"రోజూ గిట్లనే లేపుత, అడుగున చెమ్మ ఆరాలని. నువ్వు చెప్పింది తప్పు గాదే పిల్లా, నీ చెయ్యే ఎక్కువైంది."

ఆ ఎత్తునే మా పుస్తకం కంపన పరిమితి అంటుంది. దాని మీద నేను పరీక్షలో పది మార్కుల జవాబు రాశాను.

"మరి రేపు పోవాల్నా అత్తా?"

"ఏరుడు అయిపోయిందా? అయితే పో."

మర్నాడు తాడుకి ఒక కొమ్ము కట్టి, మెల్లగా ఊపాను. రెండు శిఖరాల మధ్య దూరం తరంగదైర్ఘ్యం, సెకనుకి ఎన్ని అలలు లేస్తే అంత పౌనఃపున్యం, రెండింటినీ గుణిస్తే అల వేగం. కొమ్ము పైకీ కిందికీ ఊగిందే తప్ప ముందుకు పోలేదు. "గట్టిగ ఊపితే ఏమైతది మేడం?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. పసుపు ఏరి పచ్చబడ్డ నా అరచేతులు రెండూ ఎత్తి చూపించి, నిన్నటి సంగతి చెప్పాను. క్లాసంతా నవ్వింది, వెనక కూర్చున్న ప్రిన్సిపాల్‌తో సహా. ఉద్యోగం వచ్చింది.

ఇప్పటికీ అదే కాలేజీ. ఇప్పుడు ఏది చెప్పాలన్నా ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. చీర ఇస్త్రీ చేయించుకుని, నడుం వంచి టార్పాలిన్ విదిలించిన ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. దాని ధైర్యంలో సగం మిగిలున్నా బాగుండేదనిపిస్తుంది. నిన్న అత్త ఫోన్ చేసింది. "కొమ్ములు ఎండబోసిన, ఆదివారం రా. చేతులు మాత్రం ఇంట్లనే పెట్టి రా."