గోడకు పెట్టిన దండం

పొద్దున్నే తుమ్మపాల నుంచి ఫోన్. మా డ్రిల్లు మేష్టారు రాత్రి నిద్రలోనే పోయారట. అనకాపల్లి బస్టాండులో నిలబడి ఆ మాట విన్నాను. ఏడుపు రావాలి కదా, ముందు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్తాను.

మాకు ఈత కొలను ఎక్కడిది? చెరకు తోటల మధ్య ఓ నేలబావి, రాతి గోడలు, ఒక పక్క మెట్లు. అందులోనే ఆయన మా బడి ఆడపిల్లలకు పోటీ ఈత నేర్పారు. మేం గోడ దాకా ఈదడం, రాయి పట్టుకుని ఆయాసపడటం. ఆయనకు ఒళ్ళు మండిపోయేది. "అక్కడేటి, సుట్టాలింటికొచ్చినట్టు ఆగిపోతన్నారు? ఎనక్కి తిరిగి, మోకాళ్ళు ముడిసి, గోడకి రెండు పాదాలూ ఆనించి తన్నండి!" చేతులు తల మీదుగా చాచి, చెవులు మూసుకుపోయేలా బిగించాలి. తన్నాక తొందరపడకూడదు. "గోడిచ్చిన ఊపు అయిపోనీ. అప్పుడాడించు కాళ్ళు," అనేవారు.

అన్నీ వచ్చాయి నాకు. ఒక్కటే తంటా. మా ఇంట్లో నుయ్యంటే గంగమ్మ. కాలు తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. గోడని తన్నిన ప్రతిసారీ నా కుడిచెయ్యి దానంతటదే కళ్ళ మీదకి పోయేది. బావిలో ఎవరూ పట్టించుకోలేదు. విశాఖపట్నం పోటీల్లో మాత్రం, అందరికంటే ముందు గోడ చేరి, తన్ని, చెయ్యి కళ్ళకద్దుకున్నాను. ఒళ్ళు పక్కకి తిరిగిపోయి, వరసల మధ్య కట్టిన తాడు మీద పడ్డాను. గట్టు మీద జనం పగలబడి నవ్వారు. ఎవరో దండం పెట్టి వెక్కిరించారు కూడా. ఛీ, ఆ నీళ్ళలోనే ఉండిపోవాలనిపించింది.

తిరుగు బస్సులో, "ఇంక రాను మేష్టారూ" అన్నాను.

"ఎందుకు రావు? మొక్కడం తప్పేటి? ఏళ సూసి మొక్కలేదు, అంతే."

మర్నాడు అందర్నీ మెట్ల మీద నిలబెట్టి, తనే మోకాలి లోతు దిగి, గోడకి రెండు చేతులూ జోడించారు. "తల్లీ, పిల్లలు తంతారు. ఈ రోజుకి అన్నిటికీ కలిపి నేనే మొక్కేత్తన్నాను. ఏటీ అనుకోకు." మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు. జుట్టు నెరిసిన మనిషి నా మూలంగా గోడని బతిమాలుకోవడం చూసి నాకు తల కొట్టేసినట్టయింది. అయితేనేం, ఆ రోజు నుంచి నా చెయ్యి కళ్ళ మీదకి పోలేదు. నేను బడి వదిలేశాక కూడా ఆయన రోజూ మొక్కుతూనే ఉన్నారు.

నేను వెళ్ళేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఇప్పటి పిల్లలు బావి దగ్గర్నుంచే వచ్చారు, భుజాల మీద పొడి తువాళ్ళతో. విషయం తెలియక తెల్లవారుజాము నుంచీ మెట్ల మీదే కూర్చున్నారట.

"దండమెట్టకుండా ఎలా దిగుతాం?" అంది ఒక చిన్నది. "రేపట్నించి ఎవరెడతారు?"

మేష్టారి భార్య ఏడుస్తూనే నన్ను చూపించారు. "ఈ పిల్లనడగండి. ఈ పిల్ల కోసమే కదా మొదలెట్టేరు."

పిల్లలు ఆ మాట కొత్తగా విన్నట్టు మొహాలు చూసుకున్నారు. అంటే ఇన్నేళ్ళూ ఆయన వాళ్ళకి నా సంగతి చెప్పనేలేదన్నమాట. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఆ చిన్నది తన తువాలు తీసి, కళ్ళు తుడుచుకోమని నా చేతికిచ్చింది.

"రేపు వత్తావా అక్కా?"

తువాలుతో మొహం కప్పుకునే తలూపాను.