బూడిదతో తోమిన కొర్రమీన్లు

శేరిలింగంపల్లి పక్కన మా ఊరి చెరువులో చేపలు పట్టి బతికిన ఇల్లు మాది. దేశానికి స్వతంత్రం వచ్చిందన్నారు, మాకింకా రాలేదన్నారు. ఆ గడబిడలో నాయన చెరువు మీదికి పోవడం మానేశాడు. చివరిసారి పట్టిన ఏడు కొర్రమీన్లను పెరట్లో నీళ్ల గోలెంలో వదిలి, "దినానికొకటి మీ అమ్మకు" అన్నాడు. అమ్మ అప్పుడు పచ్చి బాలింత. తమ్ముడికి పాలు చాలడం లేదు. కొర్రమీను పులుసు తాగితే పాలు పడతాయని మా నమ్మకం.

గోలెం కాపలా నాయనమ్మది. పుష్యమాసం, పొద్దున్నే నీళ్లలో వేలు పెడితే కొరికినట్టుండేది. "ఎండిన చేతులతోటి ముట్టకు బిడ్డా," అనేది. "ఒంటి మీది జిగురు పోతది. సలినీళ్లల్ల పోయిన జిగురు జల్ది రాదు. ఇగ పుండ్లు లేస్తయ్."

నాకు పదేళ్లు. తెలివి ఊరంతటికీ పంచేంత ఉందనుకునేదాన్ని. మొదటి రోజు పులుసును అమ్మ నీచు వాసనకు కక్కుకుంది. కోసే ముందు చేపను బూడిదతో తోమితే నీచు పోతుందని నాకు తెలుసు. మిగిలిన ఆరింటినీ ఇప్పుడే బాగా తోమిపెడితే సరిపోతుందనుకున్నాను. మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే ఒక్కొక్కదాన్నే పట్టి, బతికుండగానే బూడిదతో తోమి, మళ్లీ నీళ్లలో వేశాను. నా చేతులు తడిగానే ఉన్నాయి కదా, తప్పేముంది?

మర్నాడు ఒకటి వండారు. మూడో రోజుకు మిగతావాటి ఒంటి మీద తెల్లగా దూదిలాంటిది లేచింది, దాని కింద ఎర్రటి పుండ్లు. ఐదూ ఒకదాని వెంట ఒకటి తేలాయి.

"ఎవరు ముట్టిండ్రు?" అంది నాయనమ్మ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. కదలకుండా నిలబడ్డాను. ఆమె నా వైపు చూడనే లేదు. పగుళ్లు బారిన తన చేతులను తిప్పి చూసుకుంది. "నేనే యాదిమరిచి ఎండిన చేతులు పెట్టిన గావచ్చు," అంది.

తమ్ముడు ఆ నెల దాటలేదు. పులుసు ఉంటే బతికేవాడో లేదో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే ఇన్నేళ్లుగా నన్ను పీక్కు తింటోంది. చెరువు చుట్టూ ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి, పుష్యమాసం వస్తే నాకు మాత్రం ఆ గోలెమే కనిపిస్తుంది. నాయనమ్మ మళ్లీ చేపను ముట్టలేదు. అమ్మ ఆమెను ఒక్క మాటా అనలేదు. కానీ తర్వాత పుట్టిన చెల్లెలిని ఆమె చేతికివ్వలేదు. అదీ చూశాను, అప్పుడూ నోరు విప్పలేదు.

రెండేళ్లకు, మళ్లీ చలికాలంలోనే, నాయనమ్మ మంచం పట్టింది. జ్వరంలో ఎవరినీ గుర్తుపట్టడం లేదు. నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"చెయ్యి తడి చేసుకొని ముట్టు బిడ్డా," అంది.

చెంబులో ముంచి పట్టుకున్నాను. గదిలో ఇద్దరమే ఉన్నాం. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేక, "నీళ్లు సల్లగున్నయా నాయనమ్మా?" అని అడిగాను.